అతిశయోక్తియు స్వభావోక్తియు: దేహసౌందర్యవర్ణన విమర్శ

ప్రబంధములందలి నాయికావర్ణనములు చదివిన బాలికలకుఁ దమ దేహములయెడ నరుచి పుట్టదా యను శంక సహజము. దీనికి సమాధానము లక్షణశాస్త్రమునందే కలదు.

దండి కావ్యాదర్శ ద్వితీయపరిచ్ఛేదమున, లోకసీమను మీఱిన వివక్ష యతిశయోక్తి యని చెప్పి, ప్రియురాలికి నడుము కలదో లేదో యను సందేహము తీఱకున్నదని పలుకు నాయకుని నుదాహరించెను. ఆ నడుమును గొలువ నెవ్వరును బూనరు. అసంభవము మాటలోనే ప్రకటమగుటచే సహృదయుఁడు దానిని నాయకుని మోహముగా గ్రహించునే కాని కొలతగా గ్రహింపఁడు.

ఆ దండియే స్వభావోక్తిని అర్థాలంకారములలో మొదట నిలిపెను. వస్తురూపమును సాక్షాత్కరింపఁజేయుట దాని లక్షణము. ఛాయాచిత్రమునుండి చూపఱు లాశించునది యిదియే. నేఁటి ప్రకటనచిత్రములందో, కంప్యూటరుతో నడుమును సన్నఁజేసి, చర్మపు మచ్చలు తుడిచి, ఆ రూపమునే యథార్థమని చూపుట కలదు. అతిశయోక్తి స్వభావోక్తి వేషమున వచ్చుటయే యిందలి దోషము. లేని రూపముతోఁ దన్నుఁ బోల్చుకొని కడుపు మాడ్చుకొను బాలికలును గలరు.

ఫ్రాన్సు దేశమున 2017 అక్టోబరు 1 నుండి, మోడలు దేహమును సన్నముగానో లావుగానో మార్చిన వాణిజ్యచిత్రముపై నది సవరించిన ఛాయాచిత్రమని వ్రాయుట విధి యైనది. తప్పినచో 37,500 యూరోల జరిమానా. ఇది పద్యముక్రింద నలంకారనామము వ్రాయుటవంటిది. కాని యట్టి సూచనవలన దేహముపై నసంతృప్తి తగ్గుట లేదని పెక్కు పరిశోధనలు చూపినవి. అలంకారనామము కంఠస్థమైనంతనే రసజ్ఞత కలుగదని పండితు లెఱుఁగుదురు గదా!

కావున నాయికావర్ణనమును పాఠములనుండి తొలఁగించుట పరిహారము గాదు. పద్యమునందలి యతిశయమును గుర్తించు నేర్పు చిత్రమునకుఁ గూడ నన్వయించునట్లు బోధింపవలయును. ఆరోగ్యవంతమైన సహజదేహమే స్వభావోక్తికిఁ దగిన వస్తువని చూపవలయును.