బిల్లు మీద ఏం రాశారు?

డిస్‌ప్లే పగిలిన ఫోన్ పట్టుకుని రిపేర్ షాపుకు వెళ్లినవాళ్లు ముందుగా అడిగేది "ఒరిజినలేనా అన్నా?" అని. అబిడ్స్ జగదీశ్ మార్కెట్లో అడిగినా, మండల కేంద్రంలో బస్టాండ్ పక్క కొట్లో అడిగినా "పక్కా ఒరిజినల్" అనే అంటారు. అందులో నిజమెంత అన్నది తర్వాత సంగతి, అసలు చిక్కంతా ఆ ప్రశ్నతోనే. బజారులో సరుకు అసలు, నకిలీ అని రెండు కుప్పలుగా ఉండదు. కంపెనీ తన సర్వీస్ సెంటర్లకు పంపే సర్వీస్ ప్యాక్ ఒక రకం. పాడైన ఫోన్‌లోంచి ఊడదీసిన కంపెనీ డిస్‌ప్లే ఇంకో రకం. లోపలి ప్యానెల్ బాగుండి పైగాజు మాత్రమే పగిలితే, కొత్త గాజు అతికించి అమ్మేది మూడోది. ఆ తర్వాత వేరే ఫ్యాక్టరీలు గాజూ ప్యానెలూ కలిపి చేసే ఓఎల్ఈడీ కాంబోలు. వాటిలో మళ్లీ ప్లాస్టిక్ పొర మీద చేసే సాఫ్ట్, గాజు మీద చేసే హార్డ్. ఓఎల్ఈడీ ఉండాల్సిన చోట చవగ్గా బిగించే ఇన్‌సెల్ ఎల్‌సీడీ అట్టడుగున ఉంటుంది. వీటన్నింటికీ కౌంటర్ దగ్గర ఒకటే పేరు. చవక కాంబోను చవక కాంబో అని చెప్పి ఆ ధరకే అమ్మితే అందులో తప్పేమీ లేదు. దాన్నే సర్వీస్ ప్యాక్ ధరకు అంటగట్టడం మోసం. అందుకే డబ్బా మీది ముద్ర చూసి నిర్ణయించుకోవడం మానేసి, పనితీరునూ బిల్లునూ చూడాలంటాను.

ముద్ర చూసి తేల్చడం కోర్టులకే తేలిక కాలేదు. 2017లో నార్వే కస్టమ్స్ వాళ్లు హెన్రిక్ హుసెబీ అనే చిన్న రిపేర్ షాపు యజమాని తెప్పించుకున్న 63 ఐఫోన్ స్క్రీన్లను పట్టుకున్నారు. ఆపిల్ అవి నకిలీలంది. అవి బాగుచేసిన స్క్రీన్లేననీ, వాటి మీది లోగోలు కప్పేసే ఉన్నాయనీ ఆయన వాదించాడు. 2018లో కింది కోర్టు ఆయన పక్షాన తీర్పు చెప్పింది, 2020లో సుప్రీంకోర్టు ఆపిల్ పక్షాన చెప్పింది. వస్తువు అదే, తీర్పులు రెండు. ఇక కౌంటర్ ముందు నిలబడ్డ మనిషి హోలోగ్రామ్ స్టిక్కర్‌ను అటూ ఇటూ తిప్పి ఏం తేల్చగలడు?

ఫోనే చెబుతుంది కదా అని కొందరంటారు. నిజమే, ఐఓఎస్ 15.2 నుంచి ఐఫోన్ సెట్టింగ్స్‌లో, జనరల్ కింద అబౌట్‌లో, మార్చిన భాగం కంపెనీదో కాదో కనిపిస్తుంది. ఉపయోగమైన ఏర్పాటే, కాకపోతే రెండు వైపులా తప్పుతుంది. చాలాకాలం పాటు ఒక ఐఫోన్‌లోంచి తీసిన అసలు స్క్రీన్‌ను ఇంకో ఐఫోన్‌కు బిగిస్తే 'తెలియని భాగం' అనే చూపించింది. మరోవైపు, పాత బ్యాటరీ సర్క్యూట్ బోర్డును ఊడదీసి చవక సెల్‌కు అతికిస్తే ఫోన్ దాన్ని అసలుదిగానే పలకరిస్తుంది. నకిలీ బ్యాటరీ ఎప్పుడు చూసినా హెల్త్ నూరు శాతం చూపిస్తుందంటే, ఆ అంకెను ముందే అందులో రాసిపెట్టారన్నమాట.

ఇంతకన్నా నమ్మదగ్గ పరీక్షలు కౌంటర్ దగ్గరే చేసుకోవచ్చు. మీ మోడల్‌కు కంపెనీ ఇచ్చింది ఓఎల్ఈడీ అయితే, పూర్తి నల్లటి బొమ్మ ఒకటి తెరిచి, బ్రైట్‌నెస్ చివరిదాకా పెంచి, చేతులు అడ్డం పెట్టి చీకటి చేసి చూడండి. ఓఎల్ఈడీలో నలుపు ఉన్నచోట వెలుగే ఉండదు, తెర అంచుల్లో కలిసిపోతుంది. ఎల్‌సీడీ అయితే వెనక దీపం వల్ల బూడిద రంగు మసక వెలుగు తేలుతుంది. తెర కింద వేలిముద్ర సెన్సర్ ఉన్న ఫోన్‌కు ఎల్‌సీడీ బిగిస్తే ఆ సెన్సర్ పనిచేయదు. చవక కాంబో మందంగా ఉంటుంది కనుక అంచు వెంట గోరు పోనిస్తే ఫ్రేమ్ దగ్గర తగులుతుంది. శాంసంగ్ ఫోన్లలో *#0*# నొక్కితే రంగులనూ టచ్‌నూ విడివిడిగా పరీక్షించే మెనూ వస్తుంది; మూలల దాకా వేలు లాగి చూడాలి. మంచి సాఫ్ట్ ఓఎల్ఈడీ కాపీ వీటన్నింటినీ దాటేయవచ్చనే అభ్యంతరం ఉంది. దాటేస్తే దాటేయనివ్వండి, మీరిచ్చిన ధర కాపీ ధరైతే చాలు.

బ్యాటరీ దగ్గర మాత్రం ఈ ఉదారత చెల్లదు. డిస్‌ప్లే నాసిరకమైతే కళ్లకు ఇబ్బంది. బ్యాటరీలో ఓవర్‌చార్జ్‌నూ షార్ట్‌నూ ఆపే రక్షణ సర్క్యూట్ నాసిరకమైతే మంట. లిథియం బ్యాటరీలకు మన దేశంలో బీఐఎస్ నమోదు తప్పనిసరి. లేబుల్ మీద ఐఎస్ 16046 అనీ, ఇంగ్లిష్ ఆర్ అక్షరంతో మొదలయ్యే 8 అంకెల నంబరూ ఉండాలి. నంబర్ అచ్చేయడం ఎవరికైనా చేతనవుతుంది కాబట్టి బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి, అక్కడ వచ్చే తయారీదారు పేరు లేబుల్ మీది పేరుతో సరిపోయిందో లేదో చూడండి. అదే సైజులో రెట్టింపు ఎంఏహెచ్ అని రాసి ఉంటే, యాప్ దాకా పోనక్కర్లేదు.

ఈ గొడవంతా ఎందుకు, సర్వీస్ సెంటర్‌కే పోవచ్చు కదా అనొచ్చు. వారంటీలో ఉన్న ఫోన్ అయితే అక్కడికే పోవాలి. నాలుగేళ్ల ఫోన్‌కు సర్వీస్ ప్యాక్ ధర కొన్నిసార్లు ఆ ఫోన్ విలువకే దగ్గరవుతుంది, సర్వీస్ సెంటర్ లేని ఊళ్లూ చాలానే ఉన్నాయి. చిన్న షాపులు బిల్లివ్వవన్నది ఇంతకన్నా గట్టి అభ్యంతరం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లివ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. ఫిర్యాదుకు 1915 నంబర్ ఉంది. షాపువాడు కూడా హోల్‌సేల్ వ్యాపారి చేతిలో మోసపోతుంటాడు కాబట్టి, ఏ రకమో రాసివ్వమని మనం పట్టుబడితే అతనూ పైవాణ్ణి అడగక తప్పదు. 'డిస్‌ప్లే మార్చాం' అని రాస్తే ఒప్పుకోకండి. సర్వీస్ ప్యాకా, గాజు మార్చినదా, ఓఎల్ఈడీ కాపీనా, ఇన్‌సెలా, ఎన్నాళ్ల గ్యారంటీ అన్నవి రాయించుకుని, పరీక్షలయ్యాకే డబ్బులివ్వండి. పాత డిస్‌ప్లేను కూడా అడిగి తీసుకోండి. గాజు పగిలినా లోపలి ప్యానెల్ వెలుగుతుంటే, దానికి బజారులో ధర ఉంది.