చైన్‌కి బలం ఎక్కడ కావాలి

ఈ వారం విజయవాడ ఆటోనగర్‌లో ఒక స్పేర్ పార్టుల కొట్టు దగ్గర విన్న మాట నాకు కోపం తెప్పించింది. లీటరు ఇంజిన్ బండి సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కున్న కుర్రాడొకడు కౌంటర్ ముందు నిలబడి, "అన్నా, అన్నిట్లోకీ బలమైన చైన్ ఇవ్వు, రేటు సంగతి వదిలెయ్" అన్నాడు. కొట్టతను బంగారు రంగు చైన్ తీసి ముందు పెట్టి, "నాలుగు టన్నులు లాగుద్ది తమ్ముడూ, ఇక దీనికి చావు లేదు" అన్నాడు. కుర్రాడు ఇంకేమీ అడగకుండా డబ్బు కట్టేశాడు. వెళ్ళేముందు పికప్ కోసమని, ముందు స్ప్రాకెట్ ఒక పన్ను తక్కువున్నది కూడా ఇప్పించుకున్నాడు.

టన్నుల లెక్కలో అబద్ధం లేదు. మంచి కంపెనీ 530 చైన్ తెగాలంటే నాలుగు టన్నులకు పైనే లాగాలి. నాకు మింగుడు పడనిది ఆ "చావు లేదు" అన్నమాట.

కాగితం తీసి లెక్క వేసి చూడండి. ఇంజిన్ టార్క్ 100 న్యూటన్ మీటర్లు అనుకుందాం. ప్రైమరీ గేరు, ఫస్టు గేరు కలిసి దాన్ని సుమారు నాలుగు రెట్లు చేస్తాయి. 16 పళ్ళ ముందు స్ప్రాకెట్ వ్యాసార్ధం 41 మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. ఆ 400 న్యూటన్ మీటర్లను ఈ వ్యాసార్ధంతో భాగిస్తే చైన్ మీద పడే లాగుడు దాదాపు ఒక టన్ను వస్తుంది. అంటే ఫస్టు గేర్లో యాక్సిలరేటర్ మొత్తం తిప్పినా, చైన్ బలంలో నాలుగో వంతే వాడుతున్నాం. అయినా షెడ్ల వెనక పాత చైన్లు కుప్పలుగా పడి ఉంటాయి. వాటిలో తెగినవి ఎన్నో వెతికి చూడండి. దాదాపు అన్నీ అరిగి పోయినవే.

అరుగుదల ఎక్కడ మొదలవుతుందో చూద్దాం. బండి గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోతుంటే వెనక చక్రం సెకనుకు సుమారు 14 చుట్లు తిరుగుతుంది. వెనక స్ప్రాకెట్‌కి 43 పళ్ళు, చైన్‌కి 110 చిల్లర లింకులు ఉంటే, చైన్ మొత్తం సెకనుకు ఐదుసార్లకు పైగా చుట్టివస్తుంది. ప్రతి చుట్టులోనూ ప్రతి కీలూ నాలుగుసార్లు కదలాలి: రెండు స్ప్రాకెట్ల మీదికి ఎక్కేటప్పుడు వంగాలి, దిగేటప్పుడు నిటారు కావాలి. సెకనుకు ఇరవైసార్లు, అందులో సగం పూర్తి లాగుడు భరిస్తూ, పిన్ను తన చుట్టూ ఉండే బుష్షులో ఒరుసుకుంటుంది. ఒక్కో కీలు దగ్గర 0.16 మిల్లీమీటరు అరిగితే చాలు, 110 లింకుల చైన్ 17 మిల్లీమీటర్లు పొడుగవుతుంది. లింకుల పక్క పలకలు చెక్కుచెదరకుండా ఉంటాయి, పోయేది కీలు లోపల.

ఈ సంగతి నూటనలభై ఏళ్ళ కిందటే ఒకాయన పట్టుకున్నాడు. స్విట్జర్లాండ్‌లో పుట్టి మాంచెస్టర్‌లో స్థిరపడ్డ హాన్స్ రెనాల్డ్, 1879లో సాల్ఫర్డ్‌లో బట్టల మిల్లులకు చైన్లు చేసే చిన్న కార్ఖానా కొన్నాడు. అప్పటి చైన్లలో బరువంతా సన్నటి పలకల అంచు మీద పడి, పిన్ను తొందరగా కోసుకుపోయేది. 1880లో ఆయన పిన్నుకీ రోలరుకీ మధ్య బుష్షు పెట్టాడు. బరువు పిన్ను పొడవునా పరుచుకుంది. ఈ రోజు మన బండి కింద తిరిగేది ఆ చైనే. ఆయన పలకలు మందం చేసి ఊరుకుని ఉంటే ఇంతకాలం నిలిచేది కాదు.

కీలు లోపలి సంగతి నాకు మొదట నేర్పింది గుడివాడ బస్టాండు పక్కన ఉండే ఒక మేస్త్రీ. మా పెదనాన్న యెజ్డీ మోటార్‌సైకిల్‌కి ఆయనే వైద్యుడు. యెజ్డీ చైన్‌కి నిండు కవరు, దాని కొసల్లో రబ్బరు తొడుగులు. వానాకాలం మా నల్లరేగడి బురదలో పడి వచ్చినా లోపలికి బురద చేరేది కాదు. చైన్ కవర్ ఊడదీయించి తిరిగేవాళ్ళ మీద నేనిక్కడ ఎన్నిసార్లు రాశానో పాత పాఠకులకు తెలుసు. కవర్ల మీద నాకున్న మమకారం ఆ యెజ్డీ దగ్గర పుట్టిందే. అయినా మేస్త్రీ కవరుని నమ్ముకుని కూర్చునేవాడు కాదు. అప్పుడప్పుడూ చైన్ లాకు తీసి, మొత్తం చైన్‌ని కిరసనాయిలు రేకులో రాత్రంతా నానబెట్టేవాడు. పొద్దున్నే మేకుకి వేలాడదీసి ఆరనిచ్చేవాడు. పాత డబ్బాలో గ్రీజు వేసి, స్టవ్ మీద సన్నటి మంటన కరిగించేవాడు. చుట్టచుట్టిన చైన్‌ని అందులోకి దించితే సన్నటి బుడగలు పైకి తేలేవి. అవి ఆగేదాకా కదిలించనిచ్చేవాడు కాదు. కీలు లోపలున్న గాలి బయటికొచ్చి, ఆ చోట్లోకి గ్రీజు దిగుతున్నట్టు గుర్తు. చల్లారాక పైకి తీసి, పైనంటిన గ్రీజంతా గుడ్డతో తుడిచేసేవాడు.

"తుడిచేస్తే ఇంకేం మిగిలిద్ది బాబాయ్?" అని అడిగాను.

"బయట గ్రీజు దుమ్ముకిరా అబ్బాయ్. లోపల గ్రీజు చైన్‌కి" అన్నాడు.

చైన్ గురించి నేను ఆ తర్వాత చదివిందంతా ఆ రెండు ముక్కల కిందికే వచ్చింది. మేస్త్రీ పొయ్యి దగ్గర కూర్చుని పెట్టిన గ్రీజునే ఇప్పుడు కంపెనీలో పెట్టి, తప్పించుకుపోకుండా పిన్ను రెండు వైపులా రబ్బరు రింగు బిగించి పంపుతున్నారు. అదే ఓ-రింగ్ చైన్. ఎక్స్-రింగ్‌కి నాలుగు పెదవులు ఉంటాయి. అవి సన్నటి గీతల్లాగా తగులుతాయి కాబట్టి రాపిడి తక్కువ, గ్రీజుని పట్టి ఉంచేది ఎక్కువ. పెద్ద బళ్ళకి యెజ్డీ లాంటి నిండు కవరు రాదని నాకు చాలాకాలం బెంగగా ఉండేది. ఆ రింగుల్ని దగ్గరగా చూస్తే, అక్కడ ప్రతి కీలుకీ ఒక కవరు ఉంది. కొత్త పద్ధతి ఈ విషయంలో పాతదానికన్నా మెరుగని సంతోషంగా ఒప్పుకుంటాను.

కాబట్టి లీటరు బండికి చైన్ కొనేవాళ్ళు ముందు అడగాల్సింది రింగు సంగతి. తర్వాత సైజు. 520, 525, 530 మూడింటికీ పిన్నుకీ పిన్నుకీ మధ్య దూరం ఒకటే, 15.875 మిల్లీమీటర్లు. చివరి రెండంకెలు లోపలి వెడల్పు చెబుతాయి: వరసగా 6.35, 7.94, 9.53 మిల్లీమీటర్లు. బండితో వచ్చిన సైజే వేయించండి. మార్చాలనుకుంటే రెండు స్ప్రాకెట్లూ మార్చాలి. రేసుల వాళ్ళు బరువు తగ్గుతుందని 520కి దిగుతారు. వాళ్ళకి కావాల్సింది ఆ ఒక్క పరుగు, మనకి కావాల్సింది ఏళ్ళ తరబడి మన్నిక. బంగారు రంగు తుప్పు పట్టకుండా వేసే పూత, దానివల్ల బలం రాదు. పాత స్ప్రాకెట్ల మీద కొత్త చైన్ వేస్తే, అరిగిన పళ్ళు కొత్త రోలర్లని త్వరగా తినేస్తాయి. మూడూ కలిపి సెట్టుగా మార్చాలి.

ఆ కుర్రాడు కొన్న చిన్న స్ప్రాకెట్ సంగతీ చెప్పాలి. 16 పళ్ళ మీద కీలు 22.5 డిగ్రీలు వంగితే, 15 పళ్ళ మీద 24 డిగ్రీలు వంగాలి. లాగుడు కూడా ఆరేడు శాతం పెరుగుతుంది. మన్నిక కోసం ఖరీదైన చైన్ కొని, అదే చేత్తో దాని ఆయుష్షు తగ్గించుకున్నట్టే.

రింగులున్న చైన్‌కీ నూనె కావాలి. రింగులు కాపాడేది పిన్నునే, బుష్షు మీద రోలరు బయటే తిరుగుతుంది. కిరసనాయిలుతో కడిగి, మెత్తటి బ్రష్షుతో రుద్ది, చైన్ నూనె వేసి, మిగిలింది తుడిచేయాలి. పెట్రోలు రబ్బరుని పాడు చేస్తుంది, ఇనుప బ్రష్షు రింగుల్ని కోస్తుంది. మేస్త్రీ చేసినట్టు వేడి గ్రీజులో ముంచడం ఈ చైన్లకి పనికిరాదు. లూజు మాన్యువల్లో రాసినంతే ఉండాలి. మరీ బిగిస్తే వెనక చక్రం గుంటలో పడి లేచేటప్పుడు ఆ లాగుడు గేర్‌బాక్సు బేరింగు మీద పడుతుంది. కొత్త చైన్‌లో 20 లింకుల పొడవు 317.5 మిల్లీమీటర్లు. కొలిచి రాసిపెట్టుకోండి, అరుగుదల ఎంతో అదే చెబుతుంది.

ఇక్కడితో ఆపేసి, టన్నులతో పనిలేదని తేల్చేయవచ్చు. కానీ ఒక్కచోట టన్నులతో పని ఉంది. పెద్ద బండి చైన్ విడిగా కొన్నప్పుడు మామూలుగా తెరిచే ఉంటుంది. బండి మీద వేసి దాన్ని కలిపేది ఒక్క లింకు. మిగతా వంద లింకుల బలాన్ని కంపెనీ మిషన్లు చూసుకున్నాయి, ఈ లింకు బలం షెడ్డులో మనిషి చేతిలో ఉంది. అది ఊడితే చైన్ ముందు స్ప్రాకెట్ దగ్గర ముద్దగా చుట్టుకుని గేర్‌బాక్సు గోడ పగలగొట్టగలదు, వెనక చక్రాన్ని బిగబట్టేయగలదు. చిన్న బళ్ళకి క్లిప్పు లాకు సరిపోతుంది, దాని మూసి ఉన్న కొస చైన్ పరుగెత్తే వైపు ఉండాలి. లీటరు బండికి రివెట్ లింకే వేయాలి. పిన్ను కొసల్ని సుత్తితో కాకుండా దాని పనిముట్టుతో విప్పారేలా నొక్కాలి. పలకని ఎక్కువ నొక్కితే రింగులు నలిగి కీలు బిగుసుకుంటుంది, తక్కువ నొక్కితే రివెట్ సరిగ్గా పట్టదు. పక్క లింకు వెడల్పుతో దీని వెడల్పు సరిపోయిందా, పిన్ను కొస కంపెనీ చెప్పినంత విప్పారిందా, రెండూ కొలవాలి. చైన్‌కి వేలు పోసేవాళ్ళు బిగించే మనిషి కూలి దగ్గర బేరమాడకండి. ఆ కొలతలు తీసే వెర్నియర్ లేని షెడ్డులో మాత్రం లీటరు బండికి చైన్ వేయించకండి.