ముందుగా దొరికే వీపు ఎవరిది?

పోలీసు కథ ఏదైనా మన పిల్లలు చప్పట్లు కొట్టేది ఒక్కచోటే. నేరస్తుణ్ణి కోర్టుకు తీసుకుపోయే చోట కాదు, కాల్చేసే చోట. 2019 డిసెంబరు 6న చటాన్‌పల్లి దగ్గర 'దిశ' కేసు నిందితులు నలుగురినీ పోలీసులు కాల్చి చంపినప్పుడు పెద్దవాళ్లు కూడా పోలీసుల మీద పూలు చల్లారు. ఆ రోజు మేమూ లోలోపల సంతోషించినవాళ్లమే, దాచుకోవడం దేనికి? సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ 2022లో, ఎదురుకాల్పుల కథ నమ్మదగింది కాదనీ, చంపాలనే కాల్చారనీ తేల్చింది. అప్పుడు పూలు చల్లినవాళ్లలో ఈ నివేదిక గురించి మాట్లాడినవాళ్లు తక్కువ.

'ఢిల్లీ క్రైమ్' సీరియల్‌ను ఇదంతా మనసులో పెట్టుకునే చూశాం. 2019లో వచ్చిన మొదటి భాగం 2012 నాటి ఢిల్లీ బస్సు అత్యాచారం కేసు మీద తీసింది. బయట జనం ఉరి, ఉరి అంటుంటారు. డీసీపీ వర్తికా చతుర్వేదికీ (షెఫాలీ షా) కోపం తక్కువేమీ లేదు. కానీ ఆ కోపంతోనే ఆమె బస్సును వెతికిస్తుంది, సాక్ష్యం పోగు చేయిస్తుంది. కోర్టులో కేసు నిలబడాలన్నది ఆమె పట్టుదల. ఇంతవరకు బాగుంది.

మనకు దగ్గరైంది 2022లో వచ్చిన రెండో భాగం. ముసలివాళ్లను ఇళ్లలోనే చంపి దోచుకుంటున్న ముఠా కోసం గాలింపు మొదలవుతుంది. రిటైరైన చడ్డా అనే అధికారిని పిలుస్తారు. ఫలానా తెగవాళ్లది పుట్టుకతోనే దొంగ బుద్ధి అని అతని నమ్మకం. ఇక బస్తీ మీద పడి దొరికినవాళ్లను దొరికినట్టు పట్టుకొస్తారు, కొడతారు. ఊరు ప్రతీకారం కోరితే ముందుగా దొరికే వీపు వీళ్లదే.

ఇది ఢిల్లీ సంగతే కదా అనుకోనక్కర్లేదు. 1871 నాటి నేరస్త తెగల చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. మన ఎరుకలవాళ్లను స్టువర్టుపురం సెటిల్‌మెంటులో పెట్టింది ఆ చట్టం కిందే. 1952లో చట్టం పోయింది, పేరు మాత్రం పోలేదు. సినిమావాళ్లకు ఆ ఊరి పేరు ఇప్పటికీ పనికొస్తూనే ఉంది.

వర్తికకు అనుమానం వస్తుంది. హంతకులు ఈ తెగవాళ్లు కారని, వీళ్ల పద్ధతిని అనుకరించిన వేరే ముఠా అని తేలుస్తుంది. ఇక్కడే మా పేచీ. అసలు దొంగలు వేరే ఉన్నారు కాబట్టి వీళ్లను కొట్టడం తప్పయిందా? ఒకవేళ దొంగ ఆ తెగవాడే అయి ఉంటే బస్తీ మొత్తాన్ని ఎత్తుకురావడం ఒప్పవుతుందా? సీరియల్ ఈ ప్రశ్న దాకా రాదు. అరెస్టయినవాణ్ణి 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలన్న రాజ్యాంగం 22వ అధికరణం గానీ, వీళ్ల తరఫున మాట్లాడే వకీలు గానీ కథకు ముఖ్యం కాలేదు. మంచి డీసీపీ ఉంది కాబట్టి బతికారు. ఆమె బదిలీ అయితే?

చట్టం మన పక్షానే ఉంటుందని మేమూ చెప్పలేం. 2007 ఆగస్టులో పాడేరు మన్యంలోని వాకపల్లిలో పోలీసులు తమపై అత్యాచారం చేశారని 11 మంది కోందు ఆడవాళ్లు ఫిర్యాదు చేశారు. వాళ్లు ఎవరి మీదా కత్తి ఎత్తలేదు. కేసు పెట్టారు, వాయిదాలకు తిరిగారు, దాదాపు పదహారేళ్లు నిలబడ్డారు. 2023 ఏప్రిల్‌లో విశాఖ ప్రత్యేక కోర్టు 13 మంది పోలీసులను నిర్దోషులుగా వదిలేసింది. దర్యాప్తు సరిగా జరగలేదని కోర్టే తప్పుపట్టింది, ఆ ఆడవాళ్లకు పరిహారం ఇవ్వమంది. 'ఢిల్లీ క్రైమ్' మొదటి భాగంలో పోలీసులు రాత్రింబవళ్లు చేసిన దర్యాప్తు చూస్తూ మాకు గుర్తొచ్చింది ఈ తీర్పే.

ఈ రెండు భాగాలూ చూసిన పదో తరగతి పిల్లవాడొకడు, 'వాకపల్లి మీద సీరియల్ తీస్తే హీరో ఎవరు సార్?' అని అడిగాడు. పోలీసు మాత్రం కాడు అని క్లాసులో ఇంకొకరు జవాబిచ్చారు. ఆ పీరియడ్ అయిపోయినా మాట తెగలేదు.