పసరు వల్లే తగ్గిందా?

విశాఖలో కళ్ళు పచ్చబడ్డాయంటే ఇరుగుపొరుగు ఇచ్చే సలహా ఇప్పటికీ అదే: "పసరు వేయించండి." చిన్నతనంలో మా మామ్మ నన్నూ అనకాపల్లి అవతల ఒక పల్లెకి పరగడుపున తీసుకెళ్ళింది. అక్కడి పెద్దాయన ఆకు నూరి పసరు తాగించాడు, ఉప్పూ కారం నూనె మాన్పించాడు, పైసా పుచ్చుకోలేదు. తగ్గింది. ఆయనంటే నాకు ఈనాటికీ గౌరవమే.

అయితే నీళ్ళ ద్వారా సోకే హెపటైటిస్ ఏ, ఈ రకాలు చాలామందిలో కొన్ని వారాలకి వాటంతటవే తగ్గిపోతాయి. పేరు పసరుకి వస్తుంది. చేతులకి మామిడి బెరడు రసం రాసి, సున్నపుతేటలో కడిగించి, నీళ్ళు పచ్చబడగానే కామెర్లు దిగాయనేవాళ్ళకీ వస్తుంది. ఆ రసానికి సున్నం తగిలితే ఎవరు కడుక్కున్నా నీళ్ళు పచ్చబడతాయి. పసిబిడ్డలకి వాతలు పెట్టేవాళ్ళని మాత్రం నేను క్షమించలేను. నెలలు నిండి పుట్టిన బిడ్డల్లో కామెర్లు చాలావరకు రెండు వారాల్లో పోయేవే. వాత మచ్చ జన్మంతా ఉంటుంది.

పాత వైద్యమైనా సరే, పరీక్షకి నిలబడాలి. బిడ్డని లేత ఎండలో పడుకోబెట్టడం మన అమ్మమ్మలకి అలవాటే. 1950ల్లో ఇంగ్లండులోని రోచ్‌ఫర్డ్ ఆస్పత్రిలో జీన్ వార్డ్ అనే నర్సు కూడా పసికందుల్ని ఎండలోకి తీసుకెళ్ళేది. దుప్పటి కప్పిన చోట పసుపు మిగిలి, ఎండ తగిలిన చోట తగ్గడం డాక్టర్లకి చూపించింది. వాళ్ళు రక్తంలో బిలిరుబిన్ కొలిచి చూసి 1958లో ప్రచురించారు. కామెర్లు ఎక్కువైన బిడ్డకి ఎండ చాలదు. ఆస్పత్రిలో నీలికాంతి కింద ఉంచే పద్ధతి అక్కణ్ణుంచి వచ్చిందే.

మన నేల ఉసిరికీ అలాంటి పరీక్ష జరిగింది. మద్రాసులో త్యాగరాజన్ బృందం హెపటైటిస్ బీ ఉన్నవాళ్ళకి దాన్ని నెలరోజులు ఇస్తే, 37 మందిలో 22 మంది రక్తంలో వైరస్ గుర్తు కనిపించలేదు. ఆ వైరస్‌ని కనిపెట్టి నోబెల్ అందుకున్న బ్లంబర్గ్ కూడా ఆ బృందంలో ఉన్నాడు. 1988లో అది ఎంత ఆశ! తర్వాత వేరేచోట్ల చేసిన పరీక్షల్లో ఆ ఫలితం నిలవలేదు.

నా భయమల్లా గడిచిపోయే రోజుల గురించే. కామెర్ల మనిషి మగతగా పడుకున్నా, మాట తడబడినా, పథ్యం వల్ల నీరసమని ఇంట్లోవాళ్ళు సరిపెట్టుకుంటారు. కాలేయం చేతులెత్తేస్తున్న గుర్తు కావచ్చు అది. 1923 నుంచి కేజీహెచ్ లాంటి పెద్దాస్పత్రి ఉన్న ఊరు మనది. పసరుకి బయలుదేరేముందు రక్తపరీక్ష చేయించండి. మగత కనిపిస్తే ఆ పూటే ఆస్పత్రికి తీసుకెళ్ళండి.