బకెట్టు మీద పేరు

పోయిన ఆదివారం పొద్దున్నే డాలస్ నుంచి చెల్లెలు వీడియో కాల్ చేసింది. మేనకోడలికి ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీలో ప్లాన్ టూ ఆనర్స్‌లో సీటొచ్చింది. 1935 నుంచి నడుస్తున్న ప్రోగ్రాం. ఇంట్లో సంబరం అయిపోయి తగువు మొదలైంది: పిల్ల ఎక్కడుండాలి? "అన్నయ్యా, బ్యాంకులో ముప్ఫై ఏళ్లు లెక్కలు చూశావు కదా, ఇదీ ఓసారి చూడు" అంది.

చూశాను. ఆనర్స్ అన్నది చదువుకు దక్కిన గౌరవమే గానీ అద్దెలో రాయితీ కాదు. గది రేటు తేల్చేది మార్కులు కాదు, బాత్రూము. రెండు గదుల మధ్య ఒకటుంటే ఎక్కువ, వరండాలో అందరికీ కలిపి ఉంటే తక్కువ. ఆనర్స్ పిల్లలు చేరే ఆండ్రూస్, బ్లాంటన్, కరథర్స్, లిటిల్‌ఫీల్డ్ హాళ్లు పక్కపక్కనే ఉన్నాయి. 1927లో కట్టిన లిటిల్‌ఫీల్డ్ ఆ క్యాంపస్ హాస్టళ్లన్నిటికీ పెద్దక్క. పాత కట్టడాలు కదా, వీటిలో బాత్రూము చాలావరకు ఉమ్మడే. చెల్లెలికి అదే మింగుడు పడలేదు. గ్వాడలూప్ వీధి దాటితే వెస్ట్ క్యాంపస్ అపార్ట్‌మెంట్లు. సొంత గది, సొంత బాత్రూము. "నెలకు చూస్తే ఇదే చవక" అని తన వాదన.

లెక్క తప్పింది అక్కడే. హాలుకు కట్టేది రెండు సెమిస్టర్లకు, అంటే సుమారు తొమ్మిది నెలలకు, భోజనంతో కలిపి. అపార్ట్‌మెంటు లీజు మామూలుగా 12 నెలలు. వేసవిలో పిల్ల ఇంటికొచ్చేసినా అద్దె ఆగదు. సబ్‌లీజుకు మనిషి దొరక్కపోతే ఖాళీ గదికి కట్టాల్సిందే. పైన కిరాణా, ఇంటర్నెట్ సరేసరి. నెలకు నెల కాదు, ఏడాదికి ఏడాది పోల్చమన్నాను.

భోజనంలోనూ ఓ మెలిక ఉంది. నేను చదువుకునేటప్పుడు మా వాల్తేరు హాస్టల్లో డివైడింగ్ మెస్. నెల ఖర్చంతా తిన్నవాళ్ల మధ్య పంచేవాళ్లు. ఊరెళితే మెస్ కట్. ఆస్టిన్ హాలులో తిండి డబ్బు ముందే కట్టేయాలి. ప్రతి వారాంతం డాలస్‌కు మూడు గంటల పైన ప్రయాణం పెట్టుకుంటే, తినని పూటలకూ మన డబ్బే.

ఇంతలో పిల్ల ఫోన్ లాక్కుంది. "మావయ్యా, మీకూ కామన్ బాత్రూమేనా?"

"ఆఁ. బకెట్టు మీద ఎర్ర పెయింటుతో పేరు రాసుకునేవాళ్లం. అయినా పోయేది."

నీళ్లొచ్చే వేళకు ఆ బకెట్టుతో వరసలో నిలబడ్డప్పుడే, నన్ను స్టాటిస్టిక్స్‌లో గట్టెక్కించిన స్నేహితుడు దొరికాడు. ఆ సంగతి చెల్లెలికి చెప్పలేదు. దాన్ని ఏ పద్దు కింద రాయాలో నాకే తెలీదు.

నిన్న రాత్రి మేనకోడలు ఫొటో పంపింది. అడుగున చిల్లులున్న ప్లాస్టిక్ బుట్ట, అందులో షాంపూ సీసా, సబ్బుపెట్టె. బుట్ట మీద ఎర్ర మార్కర్‌తో తన పేరు, తెలుగులో, వంకరటింకరగా.