జారిన మర

వర్జీనియాలోని షాంటిలీలో ఉన్న గ్రీన్‌బ్రయర్ ఇళ్లను లెవిట్ కంపెనీ 1960ల చివర్లో కట్టడం మొదలుపెట్టింది. ఈ చుట్టుపక్కల అలాంటి పాత ఇళ్లు కొనుక్కున్న మనవాళ్లు వంటగది మార్పిస్తారు, నేల మార్పిస్తారు. గోడలోని స్విచ్ పెట్టె జోలికి మాత్రం వెళ్లరు. నొక్కినప్పుడల్లా స్విచ్ లోపలికి కుంగి పైకి లేస్తున్నా, లైటు వెలుగుతోంది కదా అని ఊరుకుంటారు.

ఊరుకోకూడదంటాను. ఆ కదలికంతా వెనకున్న తీగల మీద పడుతుంది. పదే పదే వంగిన రాగి పెళుసవుతుంది, బిగింపు సడలుతుంది, సడలిన చోట వేడి పుడుతుంది. ఎర్తు ఉన్న లోహపు పెట్టె అయితే, స్విచ్ పట్టీకి ఆ ఎర్తు అందేది చాలాచోట్ల దాన్ని పెట్టెకు బిగించే రెండు స్క్రూల గుండానే.

మా ఊళ్లో స్విచ్ బోర్డులు చెక్కవి. స్క్రూ లూజైతే నాన్న అగ్గిపుల్ల విరిచి రంధ్రంలో దోపి బిగించేవారు. చెక్కకు అది సరైన వైద్యమే. పెట్టెలో స్క్రూ దిగే స్టీలు చెవికి పనికిరాదు, అక్కడ స్క్రూని పట్టుకోవలసింది మర. దొరికిన డ్రైవాల్ స్క్రూ దిగ్గొడితే మిగిలిన మరనూ చీల్చేస్తుంది, దాని మొన తీగ తొడుగును గుచ్చినా గుచ్చుతుంది.

ముందు బ్రేకర్ ఆపి, టెస్టర్‌తో కరెంటు లేదని చూసుకోవాలి. తొడుగు లోపలి తీగ వెండిలా తెల్లగా కనిపిస్తే చెయ్యి వెనక్కి తీసుకోండి. ఇక్కడ 1965-1973 మధ్య చాలా ఇళ్లకు అల్యూమినియం తీగ వేశారు. అది తెలిసిన ఎలక్ట్రీషియనే చూడాలి. రాగి అయితే, మర నిజంగా పోయిందో లేదో పరీక్షించండి. గోడమీద పొరలు పెరిగి పెట్టె లోతుకు పోయినప్పుడు పాత స్క్రూ చివరి రెండు చుట్లకే అందుతుంది. అప్పుడు పొడుగు స్క్రూ వేస్తే సరిపోతుంది.

మర పోయిందే అనుకుందాం. ఈ దేశంలో స్విచ్ స్క్రూ 6-32, అంటే ఆరో నంబరు మందం, అంగుళానికి 32 చుట్లు. దాని వెలుపలి మందం 0.138 అంగుళం. తర్వాతి సైజు 8-32కి ట్యాప్‌తో కొత్త మర కోయడానికి కావలసిన రంధ్రం 0.136. అంటే అరిగిపోయిన రంధ్రం దాదాపు కొత్త కొలతకు తయారై ఉంటుంది! ఈ లెక్క చూసిన ప్రతిసారీ నాకు సంతోషం. ఇక్కడి ఎలక్ట్రికల్ కోడ్ స్విచ్ బిగించే మెషీన్ స్క్రూకి 32 చుట్లే అడుగుతుంది, కాబట్టి అదీ నెరవేరుతుంది. స్క్రూడ్రైవర్ పిడి ఉన్న ట్యాప్‌కి చుక్క నూనె రాసి, తిన్నగా నిలిపి, అర చుట్టు ముందుకీ పావు చుట్టు వెనక్కీ తిప్పాలి. రాలే లోహపు పొడి తీగల మీద పడకుండా ముందే గుడ్డ కప్పాలి. కొత్త స్క్రూ స్విచ్ పట్టీ కంతలో దూరుతుందో లేదో కూడా చూసుకోవాలి.

ప్లాస్టిక్ పెట్టెలో చెవి విరిగితే అతుకులు నమ్మను, పెట్టె మార్చడమే మేలు.

చివరి బిగింపు చేత్తోనే చేయండి. మెషీన్ డ్రైవర్‌తో బిర్రుగా బిగిస్తే, ఇంత ఓపికగా వేసిన మర క్షణంలో మళ్లీ జారుతుంది.