మూత క్రింది పాకము

నిప్పును రాజేయుటలో కన్న, దానిని సకాలమున తగ్గించుటలోనే వంటవారి నేర్పు అధికముగా బయటపడునని నా విశ్వాసము. ఓర్వకల్లు ప్రాంతమున పుట్టి పెరిగినవారికి ఈ మాట క్రొత్తది కాజాలదు. ఏలయన, నీడనిచ్చు చెట్టే అరుదైన ఈ రాతినేలలో వంటచెఱకు సంపాదించుట ఎన్నడును సులభమైన పని కాలేదు. పత్తి యేరిన పిమ్మట చేలలో మిగిలిన కట్టె, కందికంప, గోడలకు చరచి ఎండబెట్టిన పిడకలు, వంకల గట్లపై పెరిగిన కంపచెట్ల కొమ్మలు, ఇవియే మా తల్లుల ఇంధనము. తలమీద మోపుతో మండుటెండలో ఇల్లు చేరిన స్త్రీకి ఒక్కొక్క పుల్ల యెంత బరువో తెలియును గనుక, దానిని పొయ్యిలో పెట్టునపుడు ఆమె చేయి తనంతట తానే లెక్క చూచుకొనెడిది.

ఆ లెక్క యెట్టిదో సంగటి వండుటలో చక్కగా కానవచ్చును. బియ్యము మెత్తగా ఉడికిన తరువాత రాగిపిండిని దానిపై కుప్పగా పోసి, మూతవైచి, మండుచున్న కట్టెలను వెలుపలికి లాగి, మిగిలిన నిప్పుల సెగతోనే ఆ పిండి మగ్గువఱకు మా అవ్వ వేచియుండెడిది. అటు పిమ్మటనే సంగటికట్టె చేతికి తీసికొని, కుండ కదలకుండ అదిమిపట్టి, ఉండలు కట్టనీయక కెలికెడిది. వరియన్నమైనను ఇంతే: గంజి వార్చి, కుండను నిప్పులపై నుంచి ఉమ్మగిల్లనిచ్చెడిది. పాలు దాలిలో, పిడకల సెగపై, మధ్యాహ్నమెల్ల నింపాదిగా కాగి ఎఱ్ఱని మీగడ కట్టెడివి. మంట చేయవలసిన పని కొంతయే యనియు, తక్కినది మూత క్రింద నిలిచిన వేడిమి చేసికొనిపోవుననియు ఆమె అనుభవముచే ఎఱిగియుండెను.

భౌతికశాస్త్రము ఆమె పక్షముననే సాక్ష్యము చెప్పుచున్నది. ఒక లీటరు నీటిని 30 డిగ్రీల నుండి 100 డిగ్రీల వఱకు కాచుటకు సుమారు 293 కిలోజౌళ్ల శక్తి చాలును. ఆ మరిగిన నీటినంతను ఆవిరిగా మార్చుటకో, దాదాపు 2,257 కిలోజౌళ్లు, అనగా ఏడున్నర రెట్లకు పైగా, వ్యయమగును. మూతలేని పాత్రలో ఎసరు ఒకసారి తెర్లిన పిమ్మట మంట నెంత పెంచినను నీటి వేడిమి ఆ 100 డిగ్రీలను దాటదు. పప్పు త్వరగా ఉడకదు. మనము అధికముగా కాల్చిన గ్యాసంతయు ఆవిరియై వంటింటి కప్పును తడుపును.

అయినను, గతమును కీర్తించు తొందరలో నాటి పొయ్యి దోషమును మఱుగుపఱచుట న్యాయము కాదు. మూడురాళ్ల పొయ్యిలో మండిన కట్టె వేడిమిలో పదింట ఒక పాలో, అంతకు కొంచెమధికమో మాత్రమే పాత్రకు చేరెడిది. తక్కినది గాలిలో కలిసిపోయెడిది. పొగ యంతయు ఆడువారి కన్నులలోనికిని ఊపిరితిత్తులలోనికిని పోయెడిది. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయమునకు చెందిన డాక్టర్ ఎస్. పి. రాజు ఈ యన్యాయమును గుర్తించి, మట్టితోనే కట్టదగిన పొగలేని పొయ్యిని రూపొందించి, 1953లో ‘స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్’ అను గ్రంథమును ప్రకటించెను. మంటను మూసిన త్రోవలో నడిపి, ఒక పాత్రను కాచిన సెగయే ప్రక్క పాత్రలను గూడ కాచునట్లును, పొగ గొట్టము గుండ ఇల్లు వెడలునట్లును చేయుట ఆ పొయ్యిలోని కిటుకు. సామాన్యుల వంటిల్లు శాస్త్రజ్ఞుల చింతనకు తగిన విషయమేనని చాటుటయే ఆ గ్రంథము చేసిన పెద్ద మేలని నేననుకొందును.

పిమ్మట 1999లో దీపము పథకము వచ్చి, పొదుపు సంఘములలోని స్త్రీలకు గ్యాసు కనెక్షన్లు ఇచ్చినది. 1990వ దశకమున ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమము తోడ్పాటుతో మహిళా సంఘములు బలపడిన మండలము మాది. చిల్లర డబ్బులు కూడబెట్టి వడ్డీవ్యాపారుల నుండి విడివడిన ఆ స్త్రీలకు పొదుపును గూర్చి ఎవరును క్రొత్తగా బోధింప నక్కరలేదు. ఐనను, నేడొక వింత సంభవించినది. నాడు పొయ్యి దుబారా, వండు మనిషి పొదుపరి. నేడు వేడిమిలో కనీసము 68 శాతమైనను పాత్రకు అందింపవలెనని ప్రమాణము గల గ్యాసుపొయ్యి పొదుపరి, మరను త్రిప్పిన చేయి దుబారా. మోపు బరువు తలపై నుండి దిగిపోవుటతో, దానితో కూడ వచ్చిన లెక్కయు దిగిపోయినది.

ఆ లెక్కను మరల నేర్చుకొనుటకు ఊదుగొట్టము చేపట్టవలసిన పని లేదు. కుక్కరులో వేడిమి సుమారు 120 డిగ్రీలకు చేరును గనుకనే పప్పు అందులో త్వరగా ఉడుకును. మొదటి విజిల్ వచ్చిన వెంటనే మంటను సన్నగించినచో ఆ వేడిమి నిలుచును, లేనిచో ప్రతి విజిలుతోను కొంత ఆవిరి వృథాగా పోవును. పొయ్యి ఆర్పిన తరువాత ఆవిరి తనంతట అణగువఱకు మూత తీయకుండుట గూడ వంటలో భాగమే. మా బోరుల ఉప్పునీటిలో కందిపప్పు ఎంతసేపటికిని మెత్తబడదు. నీటిలోని సున్నపు లవణములు గింజ పొరను బిగించివేయుటయే దానికి కారణము. కావున పప్పును ముందుగా నానబెట్టి, మంచినీటితో ఉడికించి, పులుపు ఉడకనీయదు గనుక చింతపండును కడపటనే కలుపవలెను. జొన్నరొట్టెలు కాల్చిన పెనము చల్లారకమునుపే దానిపై వేరుశనగ విత్తులు వేసినచో, ఊరిబిండికి కావలసిన వేపుడు వేరు మంట లేకయే ముగియును.

ఎండ విషయమున మాకు కరవు లేదు. మా మండలములోని శకునాల, దాని పొరుగున నున్న గని గ్రామముల మెట్టలపై 1,000 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు 2017లో వెలసినది. తిరుమలలో 2002 నుండియే అద్దపు తట్టలు ఎండను ఒడిసిపట్టి, పుట్టించిన ఆవిరితో వేలాది భక్తులకు అన్నము వండినవి. అంత యెత్తుకు పోనక్కరలేదు: నల్లని బిందెలో నీరు నింపి మిద్దెపై ఉంచినచో, వేసవి సాయంకాలమునకు స్నానపు నీటికి గ్యాసు అవసరమే కలుగదు.

2024 నవంబరు నుండి మన రాష్ట్రమున అర్హులైన కుటుంబములకు ఏటేట మూడు సిలిండర్లు ఉచితముగా లభించుచున్నవి; ఆ మూడింటితోనే ఏడాది గడుపవలెనన్నచో 14.2 కిలోల బండ నాలుగు నెలలు రావలెను. అది వండువారి చేతిలో మాత్రమే ఉన్నదని తలచి, ఈ ఉపదేశములన్నియు ఆడువారికే వినిపించుట మన కలవాటు. ఉదయమున వండిన కూర తండ్రికొకసారి, కొడుకుకొకసారి, ఆలస్యముగా వచ్చిన అల్లునికి మరొకసారి వేడిచేయవలసివచ్చిన ఇంట, ఎంతటి నేర్పరియైనను గ్యాసు ఆదా చేయజాలదు. ఇంధనమును పొదుపు చేయవలెనను కోరిక నిజముగా గల మగవారు మొదట చేయవలసినది, పిలిచిన వెంటనే లేచి వచ్చి, అందఱితో కలిసి ఒక్క పంక్తిలో కూర్చుండుట.